నెత్తిన గుడ్డ, పేరున కుళ్ళాయి

కాలేజీ కమిటీ పెద్దలారా, మీ తెలివికి దండం! ల్యాబులో పంపు తిప్పితే గాలి వస్తుంది. ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ లేదు. అవేవీ మీ కంటికి ఆనలేదు గానీ, గౌసియా నెత్తి మీది మూరెడు గుడ్డ మాత్రం బ్రహ్మాండంగా ఆనింది.

ఆ పొద్దు కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష. బుక్కరాయసముద్రం బస్సు దిగి పరుగెత్తుకొచ్చిన గౌసియాకు గేటు మీద కొత్త బోర్డు ఎదురైంది: ‘తల కప్పుకున్నవారికి ప్రవేశం లేదు.’ పక్కనే ప్రిన్సిపాల్ కుళ్ళాయప్ప, పెళ్లిలో మగపెళ్లివారి పెద్దలా నిలబడి ఉన్నాడు.

ఆమె కన్నా ముందు, అదే క్లాసు నిఖిత స్కూటీ మీద వచ్చింది. తలా ముఖమూ చున్నీతో చుట్టేసుకుంది, కళ్లు తప్ప ఏమీ కనబడవు. దారికొట్టే దొంగలు కూడా అంత జాగ్రత్త పడరు.

“బిరబిరా లోపలికి పోమ్మా, ఎండకు నల్లబడతావు” అన్నాడు సారు.

గౌసియాకు మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. “అది తీసి పో. ఎవురు కట్టమన్యారు? మీ నాయనా?”

“మా నాయన చెప్పలేదు సార్. మా యమ్మ కొంగు కప్పుకుంటాది, నేను ఇది కట్టుకుంటా. పరాయోళ్ల ముందర ఒద్దికగా ఉండమని మా దేవుడు చెప్పినాడు. నాకు ఇష్టమయ్యే కట్టుకున్యా.”

“దేవుణ్ణి ఇంట్లో పెట్టుకో. రామప్పా, గేటెయ్!”

ఒంటి రంగు కోసం కప్పుకుంటే ఆరోగ్యం, దేవుడి కోసం కప్పుకుంటే నేరం. ఈ సూత్రం ఏ కెమిస్ట్రీ పుస్తకంలో ఉందో!

మొదటి బెల్లు మోగింది. పరీక్ష పోతే ఏడాది పోయినట్టే. గౌసియా కదల్లేదు.

“సార్, హిందువుల ఇంట్లో పుట్టినారు గదా, మీకు ఆ పేరెందుకు పెట్టినారు?”

“మా యమ్మకు పిల్లోళ్లు నిలవకపోతే గూగూడు పీరుసామి కుళ్ళాయప్పకు మొక్కుకున్యాది, ఆ సామి పేరే పెట్టినాది” అన్నాడు, గొప్పగానే.

“కుళ్ళాయంటే టోపీ గదా సార్! పీరుసామి టోపీని పుట్టినప్పట్నుంచి పేరులో పెట్టుకొని తిరుగుతాండారు. మిమ్మల్ని యాడన్నా గేటు కాడ ఆపినారా? ముందు మీ పేరు తీసి ఆ బోర్డు మేకుకు తగిలించండి. పక్కనే నా గుడ్డ తగిలిస్తా.”

వాచ్‌మన్ రామప్పకు ఉన్నట్టుండి దగ్గు తగులుకుంది.

“రూలు నాది గాదు, కమిటీది” సారు గొణిగాడు.

అదీ సంగతి! రూలు కమిటీది, నోరు సారుది, పోయే ఏడాది గౌసియాది.

రెండో బెల్లు. గౌసియా గేటు కమ్మీ పట్టుకుంది.

“కమిటీని తర్వాత నిమ్మళంగా అడుక్కోండి సార్. బోర్డు పీకండి, గేటు తీయండి. రేపు గాదు, ఇప్పుడే!”