మన, మా, మీ

వేసవి సెలవుల్లో ఒళ్ళు మరిచి నిద్రపోవాలని ప్రతి టీచరూ ఏడాదంతా కలలు కంటుంది. నేనూ కన్నాను. తీరా సెలవులొచ్చాక నిద్ర నా దరిదాపులకు రాలేదు. వంటింటి డబ్బాలన్నీ దించి, కడిగి, ఆరబెట్టి, ఒక్కోదానికీ పేరు రాసి అంటించాను. సైన్సు టీచరు చేతులు కదా, ఊరుకోవు.

మావారు ఉప్పు డబ్బా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనిమీద పుర్రె బొమ్మ వెయ్యలేదేం?" అన్నారు.

"మీ కాఫీలో కలిపిన రోజున వేస్తాలెండి."

నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. నా చిరాకు డబ్బాల మీద కాదని ఆయనకు తెలుసు. సెలవులయ్యాక నేను కొత్త స్కూల్లో చేరాలి. పాత స్కూల్లో సైన్సు చెప్పడానికి నాకు నోరూ సుద్దముక్కా తప్ప దిక్కు లేదు. ల్యాబు గదిలో ఏనాడో విరిగిన బెంచీలు పడేసి తాళం పెట్టారు. తియ్యమని అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టిందే తప్ప తాళం కదల్లేదు. కొత్త స్కూలువాళ్ళు ఒక ఖాళీ గది చూపించి, "ల్యాబు మీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకోండి" అన్నారు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

గంతు దిగాక భయం పట్టుకుంది. పాత స్కూల్లో నా చెప్పుల చప్పుడు వినపడితే చాలు, పిల్లలు బెంచీల్లో సర్దుకునేవారు. కొత్తచోట ఆ చప్పుడు ఎవరికి తెలుసు? దానికితోడు పాత హెడ్మాస్టరుగారు వీడ్కోలు రోజున, "మీ చోట్లో ఇంకా ఎవర్నీ తీసుకోలేదమ్మా. స్కూలు తెరిచేలోగా మనసు మారితే ఒక్క ఫోన్ కొట్టండి" అన్నారు. ఆ ఒక్క మాట నా సెలవుల్ని మింగేసింది. ఏ పని చేస్తున్నా కళ్ళు ఫోన్ మీదే.

ఒక సాయంత్రం ఇక ఉండబట్టలేక ఫోన్ తీశాను. హెడ్మాస్టరుగారికి చేసేముందు వదినకు చేద్దామనుకున్నాను. వదిన పాత స్కూల్లో తెలుగు టీచరు. మా మధ్య చుట్టరికమేమీ లేదు, చేరిన కొత్తలో పిలిచిన పిలుపు అలాగే ఉండిపోయింది. ఎవరు మాట తప్పు పలికినా, బస్సులోనైనా సరే, ఆపి దిద్దుతుంది. కండక్టర్లు కూడా ఆమెకు భయపడతారు.

"వదినా, మన స్కూల్లో ఈసారి సైన్సు ఎవరు చెప్తారట?" అని తీగ లాగాను.

"మా స్కూల్లోనా? ఇంకా తెలీదు."

మా! ఆ ఒక్క అక్షరం చెంప మీద చెళ్ళుమంది. ఇన్నేళ్ళూ ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుకున్నాం. మన స్టాఫ్ రూము, మన గంట, వానొస్తే కారే మన వరండా. ఇప్పుడు నేను పరాయిదాన్నయిపోయాను.

"అప్పుడే 'మా' అయిపోయిందా వదినా? 'మన' అనడానికి నోరు రాలేదూ?" అని నిలదీశాను.

"వచ్చింది. మింగేశాను" అంది వదిన. "నువ్వు హెడ్మాస్టరుకి ఫోన్ చెయ్యబోతున్నావు, అవునా? నీ సంగతి నాకు తెలీదా! నేను 'మన' అన్నానంటే రేపే పరిగెత్తుకొచ్చేస్తావు. వచ్చి మళ్ళీ ఆ తాళం ముందు నిలబడి తిట్టుకుంటావు. ఆ తిట్లు వినే ఓపిక నాకింక లేదమ్మా."

"నేను లేకపోతే నీకు బాగుంటుందా?"

"ఏం బాగుంటుంది నా మొహం! అన్నం దగ్గర ఎవరి మాటలు దిద్దను? అయినా సరే, వెళ్ళు."

ఆ రాత్రి హెడ్మాస్టరుగారికి ఫోన్ చెయ్యలేదు. వదిన మీద కోపం మాత్రం పొద్దుటిదాకా ఉంది. ఆ కోపంతోనే చీపురు పట్టుకుని కొత్త స్కూలుకు బయల్దేరాను. గుమాస్తా తాళంచెవి ఇచ్చి, చీపురు వంక ఒకసారి చూసి తన పనిలో పడ్డాడు.

గది నిండా దుమ్ము. కానీ పెద్ద కిటికీలు, గోడ పొడుగునా బల్ల, దాని చివర ఒక తొట్టి, కుళాయి. తిప్పి చూశాను. ముందు బుస్సుమని గాలి వచ్చింది. తర్వాత తుప్పునీళ్ళు దూకి నా చీర తడిపాయి. తిట్టబోయేంతలో నీళ్ళు తేటపడ్డాయి. పాఠం చెబుతూ ఇన్నేళ్ళు బోర్డు మీద కుళాయి బొమ్మ గీసినదాన్ని నేను. పట్టరాని సంతోషంతో తడిచేత్తోనే ఫోన్ నొక్కాను.

"వదినా, మా స్కూల్లో కుళాయికి నీళ్ళొస్తున్నాయి!"

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. తప్పు దిద్దుతుందేమోనని నీళ్ళు కారనిచ్చి మరీ ఎదురుచూశాను. దిద్దలేదు.

"ముందు ఆ కుళాయి కట్టెయ్" అంది వదిన, ముక్కు ఎగబీలుస్తూ. "సెలవులయ్యేలోగా ఒకసారి వచ్చి చూస్తాలే. ఏ స్టాపులో దిగాలి, మీ స్కూలుకి?"