కూల్చేయమన్నారు

నేను ఒక ఎగ్జిబిషన్ హాలుని. తొంభై ఏళ్ల కిందట, గోదావరి జిల్లాలో, సముద్రానికి రెండు మైళ్ల దూరాన, వ్యవసాయ ప్రదర్శన కోసం నన్ను గానుగ సున్నంతో కట్టారు. పైన పెంకులు, రెండు వైపులా ఆర్చీలు, వాటి మీద వరసగా ఇరవై నాలుగు గాలి కిటికీలు. ఎత్తెంతంటే, నేల మీంచి లేచిన పావురం దూలం చేరేలోపు మధ్యలో ఒకసారి భోజనానికి ఆగేది.

తర్వాత వచ్చిన ప్రతి కమిటీ నన్ను బాగుచేసింది. ఒకరు నా ముఖాన సిమెంటు పూసి హంసను చెక్కించారు. కోళ్ల ఫారం వాళ్లు అది తమ గుర్తే అనుకుని ముప్పై ఏళ్లు స్టాలు దాని కిందే పెట్టారు. ఇంకొకరు పావురాల గోల పడలేక కిటికీలన్నీ ఇటుకలతో మూయించి, కింద అట్టల సీలింగు కొట్టించారు. ఆ ఏటి నుంచి అప్పడాల స్టాలు వాళ్లు పొయ్యి వెలిగించడం మానేశారు. లోపలి ఉక్కకే వేగిపోయేవి.

పోయిన వేసవిలో, ఇప్పుడు నా బాగోగులు చూసే సొసైటీ అధ్యక్షుడు గుత్తుల సత్తిరాజుగారు ఊరెళ్తూ, రైల్లోంచి గుమాస్తా మంగతాయారుకు ఫోన్ చేశారు.

"పాత హాలు కూల్ చేయాలమ్మా. ఏసుబాబు మేస్త్రీతో పని మొదలెట్టించు."

కూలర్లు పెట్టించమని ఆయన ఉద్దేశం. ఆవిడ గుండ్రటి అక్షరాలతో కాగితం మీద రాసింది: 'పాత హాలు కూల్చేయాలి.' దాన్ని నా గోడకే అంటించారు. తన చావు కబురు తనే మోసిన భవనం ఆసియాలో నేనొక్కదాన్నే. భయంతో కాస్త సున్నం రాల్చాను.

"చూశారా మేడంగారూ, ముట్టుకోకుండానే రాలిపోతందండి," అన్నాడు ఏసుబాబు.

"మా పెళ్లిచూపులు ఇందులోనే అయ్యాయి ఏసుబాబూ. అప్పడాల స్టాలు దగ్గర."

"పోనీ ఆపమంటారా అండీ?"

"ఆర్డరు ఆర్డరేగా. కొట్టేదేదో నెమ్మదిగా కొట్టు."

కూల్చడం పైనుంచి మొదలెడతారు. మొదటిరోజు సీలింగు ఊడదీశారు. రెండోరోజు కిటికీల్లో ఇటుకలు తోసేశారు. నలభై ఏళ్లుగా బయట వరసలో నిలబడ్డ సముద్రపు గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. నలుగురి తలపాగాలు ఎగిరిపోయాయి. వాటిలో ఒకటి ఇంకా దొరకలేదు.

మూడోరోజు పెంకుల వంతు. ఏసుబాబు నిచ్చెనెక్కి మొదటి పెంకు మీద చెయ్యి వేశాడు. అది పోతే వాన లోపలికొస్తుంది, ఆపైన ఏ కమిటీ నన్ను నిలబెట్టలేదు. అప్పుడే సత్తిరాజుగారు స్టేషను నుంచి సరాసరి వచ్చారు.

"ఏంట్రా చేస్తున్నారు?"

"ఆయ్, కూల్చేస్తున్నామండి."

"చేసేశారుగా, చల్లగా ఉంది. కూలర్లేవి మరి?"

మంగతాయారు కాగితం ఊడదీసి చేతికిచ్చింది. ఆయన రెండుసార్లు చదివి, అక్కడే నేల మీద కూలబడ్డారు.

"రెండు మాటలమ్మా అవి."

"మీరు ఒకటే అన్నారండీ."

"ఒరే ఏసూ," అన్నారాయన నీరసంగా, "ముందు ఆ పెంకు మీంచి చెయ్యి తియ్యి."

తీశాడు. తొంభై ఏళ్లలో నన్ను బాగుచేయడానికి బోలెడుమంది వచ్చారు. నాకు ఊపిరాడేలా చేసింది మాత్రం కూల్చడానికొచ్చినవాడే.

ఆ మధ్యాహ్నం ఏసుబాబు నా నేల మీద తువ్వాలు పరుచుకుని, గాలికి ఒళ్లు మరిచి నిద్రపోయాడు. అతని గురకకు రెండు పెంకులు కదిలాయి. నేనేమీ అనుకోలేదు.