మేజర్ పెట్టాల్సిన సంతకం

నేను ఒక నల్ల రేకు ట్రంకు పెట్టెను. ఇప్పుడు విజయనగరంలో పాత ఇనుము కొనే కొట్టు వెనకాల, తుప్పు పట్టిన కూలర్ల మధ్య పడి ఉన్నాను. ఇక్కడ నన్ను పలకరించే దిక్కు లేదు. పోనీ, మీరైనా కాసేపు వినండి.

సికింద్రాబాదులో మస్తాన్ అనే ముసలాయన నన్ను సుత్తితో కొట్టి కొట్టి పెట్టెను చేశాడు. కొన్నది కెప్టెన్ దాట్ల విజయరామరాజుగారు. పటాలంలో మనిషి కంటే హోదా ముందు నడుస్తుంది. అందుకే పెట్టె మూత మీద తెల్లరంగుతో హోదా, పేరు రాయిస్తారు. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా పాత హోదా మీద నల్లరంగు పూసి కొత్తది రాయించేవారు. కెప్టెన్ పోయి మేజర్, ఆపైన కల్నల్, చివరికి బ్రిగేడియర్. అబ్బో, స్టేషన్లో కూలీలు కూడా నన్ను మర్యాదగా దించేవారు!

ఆయన మేజర్‌గా ఉన్నప్పుడు గొర్లె పోలినాయుడు అనే సిపాయి సెలవులో ఊరెళ్లి పెళ్లి చేసుకొచ్చాడు. భార్య పేరు రికార్డుల్లో ఎక్కించమని దరఖాస్తు ఇచ్చాడు. దాని మీద మేజర్ సంతకం పడాలి. అదే రోజు పటాలం సరిహద్దుకు కదలాలని ఉత్తర్వు వచ్చింది. "వెళ్లాక చూద్దాంలే" అంటూ రాజుగారు ఆ కాగితాన్ని నా అడుగున పరిచిన న్యూస్‌పేపర్ కింద పెట్టారు. అంతే, మరిచిపోయారు. ఆయనకు వేరే చోటికి బదిలీ అయింది. పోలినాయుడు మంచులో కూరుకుపోయి చనిపోయాడు. రికార్డుల్లో భార్య పేరు లేదు గనుక పింఛను అతని తల్లికి వెళ్లింది. నాకు అంతా తెలుసు, కానీ నాకు నోరేదీ?

రిటైరయ్యాక ఊరికే కూర్చునే రకం కాదు మా రాజుగారు. విజయనగరంలో రెండు గదులు అద్దెకు తీసుకుని మాజీ సైనికుల సహాయ సంఘం పెట్టారు. నేను ఫైళ్ల పెట్టెనయ్యాను. ఎందరికో పనులు చేయించారు, కాదనను. అత్తగారు పోయి ఆ పింఛను ఆగిపోయాక పోలినాయుడి భార్య పైడమ్మ కూడా అక్కడికే వచ్చింది. ప్రతి సోమవారం సాలూరు నుంచి బస్సులో వచ్చేది. ఏడేళ్లు! రికార్డు ఆఫీసుకు ఆయన ఎన్ని ఉత్తరాలు రాసినా ఒకటే జవాబు: సిపాయి అవివాహితుడు. ఆ జవాబు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఫైళ్లకు చెదలు పట్టాయని నన్ను బోర్లించారు. పోలినాయుడి కాగితం బయటపడింది. రాజుగారు దాన్ని మడత విప్పి చదివారు. పైడమ్మ రాగానే ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు.

"అప్పుడే ఎట్టినట్టు సంతకం ఎట్టీండి బాబూ," అంది పైడమ్మ.

"పుట్టి బుద్ధెరిగి దొంగ సంతకం పెట్టలేదమ్మా."

పేర్లు చెప్పకుండా, జరిగిన నిజమే రికార్డు ఆఫీసుకు రాసి పంపారు. సకాలంలో సంతకం కాలేదు గనుక చెల్లదన్నారు. మూడు వారాలు ఆయనకు అన్నం సయించలేదు. చివరికి ఒక సోమవారం ఆమె ఎదుటే దరఖాస్తును నా మూత మీద పరిచి, పాత తేదీ వేసి, సంతకం పెట్టారు. ఆ కింద, అలవాటు కొద్దీ, చెయ్యి దానంతట అదే రాసేసింది: బ్రిగేడియర్.

అయ్యో రామా! ఆ తేదీకి ఆయన మేజర్ కదా! చూడవయ్యా మహానుభావా అని నేను లోలోపలే మొత్తుకున్నాను. ఆయన చూడలేదు. కవరు అంటించి, పైడమ్మకు టీ తెప్పించారు. ఏడేళ్లలో ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

రెండు నెలలకు జవాబొచ్చింది. కాగితం నకిలీదట. కేసు శాశ్వతంగా మూసేశారట.

రాజుగారే చదివి వినిపించారు. "నా చెయ్యే నిన్ను రెండుసార్లు ముంచిందమ్మా," అన్నారు.

"అయితే నాను ఆయన పెళ్లాన్ని కానా బాబూ?"

ఆయన ఆ జవాబును మడిచి నాలో పెట్టి మూత వేశారు.

"ఇంక సోమారం రానక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మా."

ఆ వారమే సంఘానికి తాళం వేశారు. పాత ఇనుముకు అమ్మేదాకా నేను లోపలే ఉండిపోయాను. సోమవారం బస్సు వేళకు బయట మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడైంది. తలుపు రెండుసార్లు కొట్టి, "బాబూ" అని పిలిచింది పైడమ్మ.