ఇరుకు బోల్డ్

సౌకార్‌పేటలో ఏకాంబరం ఫ్లెక్సు దుకాణంలో వాసంతి డిజైనరు. తెలుగు వ్యాపారుల బ్యానర్ల కోసం ఆమె సొంతంగా అక్షరాలు గీసింది. నిలువుగా, లావుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడే అక్షరాలు. ఎంత పొడుగు పేరైనా ఒక్క వరసలో పట్టేది, వీధి అవతలినుంచి చదవొచ్చు. వత్తులను కిందికి వేలాడకుండా ఇమిడ్చడానికి ఏడాది పైగా తంటాలు పడింది. దుకాణంలో అందరూ వాటిని ఇరుకు బోల్డ్ అనేవాళ్లు.

ఒక మధ్యాహ్నం పప్పుల వ్యాపారి వెంకట్రామ్ భార్య కమలాంబతో వచ్చాడు. కూతురు హేమమాలినికి కన్నీటి నివాళి బ్యానర్ కావాలన్నాడు. వాసంతి అయ్యో అంటూ లేచి నిలబడింది. పోయిన తేదీ అడిగితే మొన్నటి సోమవారం అన్నాడు. ఎట్లా పోయిందని ఏకాంబరం అడిగాడు.

"పోలేదుపా. ఆంటో అనేవాణ్ణి రిజిస్టర్ పెళ్లి చేసుకునింది. మాకు పోయినట్టే."

వాసంతికి రోత పుట్టింది. ఏకాంబరం మాత్రం తలాడించి సైజు అడిగాడు. పేరు ఆ లావు అక్షరాల్లోనే రావాలనీ, ఆంటో వాళ్ల వీధి మొగదల కడతాననీ వెంకట్రామ్ చెప్పాడు. నలుపా, ఎరుపా అని మగవాళ్లిద్దరూ చీర రంగు ఎంచినట్టు ఎంచారు.

ఫోటో ఏదో పెళ్లిలో తీసింది. హేమమాలిని నవ్వుతోంది. భుజం మీద ఎవరిదో చెయ్యి. దాన్ని తీసెయ్యమన్నాడు వెంకట్రామ్. వాసంతి ఫోటో పెద్దది చేసి చూసింది. ఆ చేతికున్న గాజులే కమలాంబ చేతికీ ఉన్నాయి. ఆమె తెరవైపే చూస్తోంది.

వాసంతి మౌస్ వదిలేసింది.

"నేను చెయ్యను సార్. బతికుండే పిల్లకు ఈ పని చేస్తే నాకు అన్నం దిగదు."

ఏకాంబరం ఆమెను లేపి తానే కూర్చున్నాడు. నిమిషంలో ఆ చెయ్యి మాయమైంది.

మర్నాడు పొద్దున వాసంతి ఆ వీధికి వెళ్లింది. టీకొట్టు పైన హేమమాలిని పేరు వేలాడుతోంది. ఎక్కడా ఒక్క వంపు చెడలేదు. కింద జనం టీ తాగుతున్నారు. కొట్టాయన పైకి చూసి మెచ్చుకున్నాడు.

"ఎవరు రాసినారో గానీ, ఆ మలుపుకాడ నుంచే తెలుస్తా ఉండాది."

వాసంతి ఆయన దగ్గరే కత్తి అడిగి తీసుకుని, బల్లెక్కి తాళ్లు కోసేసింది. ఎవరూ అడ్డుపడలేదు. ఫ్లెక్సు మురుగ్గుంటలో పడింది. తీయబుద్ధి కాలేదు.

దుకాణానికి వెళ్లి, తన అక్షరాలను కంప్యూటర్లోంచి తీసెయ్యమని ఏకాంబరాన్ని అడిగింది. జీతం తీసుకుని గీసినవి కాబట్టి అవి దుకాణానివేనన్నాడు ఆయన. ఆమె సంచీ తీసుకుని వచ్చేసింది, మళ్లీ అటు పోలేదు.

వెంకట్రామ్ ఇంకో రెండు అచ్చు వేయించాడని తర్వాత తెలిసింది. ఈసారి చేతికి అందని ఎత్తులో కట్టారట.