జీను కింద పొడి చోటు

రోజుకు నాలుగు గుర్రాలకు తర్ఫీదు ఇచ్చే నడుం నాది. అది ఎప్పుడో మొరాయించింది. అందుకే నెల క్రితం దుకాణంలో ఉన్న జీనులన్నిటి మీదా కూర్చుని చూసి, అన్నిటికన్నా మెత్తటిది ఏరుకున్నాను. దాన్ని గుర్రం మీద ఒక్కసారైనా పెట్టి చూడలేదు. పాతికేళ్ల అనుభవం కదా, కళ్లు నెత్తికెక్కాయి.

అప్పటినుంచీ మిరపకాయ తీరు మారింది. మిరపకాయ అంటే మా ఎర్ర ఆడగుర్రం, నా చేతుల మీదే పుట్టింది. పొట్ట కింద పట్టీ బిగిస్తే కరవబోతుంది, ఎక్కితే ఎగిరెగిరి పడుతుంది. నేను తిట్టని తిట్టు లేదు.

మా గుర్రాల శాల నడిపే తమ్ముడు తేల్చేశాడు. "అక్కా, శనివారం బేరానికొస్తున్నారు. నిన్ను కింద పడేసేలోపు దీన్ని అమ్మేద్దాం."

ప్రాణం ఉసూరుమంది. అయినా సరేనన్నాను.

శుక్రవారం జీనులు కుట్టే మేస్త్రి ఏదో పట్టీ బాగుచేయడానికి వచ్చాడు. నేను అప్పుడే దిగి జీను తీశాను. మిరపకాయ వీపంతా తడి. భుజాల వెనక అటూ ఇటూ అరచేయంత చోటు మాత్రం పొడిగా ఉంది.

"చూశారా, అక్కడ చెమట కూడా పట్టలేదు. జీనంటే ఇదీ!" అన్నాను గొప్పగా.

మేస్త్రి ఆ పొడి చోట వేలితో నొక్కాడు. మిరపకాయ గిర్రున తిరిగి పళ్లు చూపించింది.

"నీ బరువంతా ఈ రెండు చోట్లే పడుతోందమ్మా. అంతలా నొక్కేస్తుంటే ఇక చెమటెక్కడ పడుతుంది? నీకు మెత్తగానే ఉంది. దానికే నరకం."

తల కొట్టేసినట్టయింది. నెల్లాళ్లుగా రోజూ చూసి మురిసిపోయిన మచ్చలవి.

బేరగాళ్లను రావద్దన్నాం. మేస్త్రి మా జీనులన్నీ ఒక్కొక్కటే దాని వీపు మీద పెట్టి, కిందికి చెయ్యి పోనిచ్చి చూశాడు. చివరికి మూలన పడున్న పాత గట్టి జీనే సరిపోయింది. పది రోజులు వీపుకు విశ్రాంతినిచ్చి, అది వేసి ఎక్కాను. మిరపకాయ కిమ్మనలేదు. నాకే ఒక చుట్టు తిరిగేసరికి నడుం పట్టేసి కళ్లు బైర్లు కమ్మాయి. దిగిపోయాను.

"మీ ఇద్దరికీ సరిపడేది ఇంకోటి వెతుకుదామా, అక్కా?" అన్నాడు తమ్ముడు.

"వెతుకుదాంలే. ముందు నువ్వెక్కు."

చిన్నప్పటినుంచీ వాడు గుర్రమెక్కితే బస్తా వేసినట్టుంటుందని ఏడిపించేదాన్ని. వాడి చేతికే పగ్గాలిచ్చాను. మిరపకాయ ఒక్క అడుగు తప్పకుండా, నేను నేర్పిన నడకే నడిచింది. దానికి హాయిగా ఉందని సంతోషం. దాని మీద నేను లేనని ఏడుపు.