ఎనిమిదో ఇన్నింగ్స్ అయ్యాక

మే నెలలో అట్టడుగున ఉన్న మా హెరాన్స్ బేస్‌బాల్ జట్టు సెప్టెంబరుకి లీగ్ ఫైనల్ చేరిందంటే, ఆ పుణ్యమంతా లోవెల్ క్రెంజ్ ఎడమచేతిదే. వాడు బంతి విసిరే పిచ్చర్, నేను దాన్ని అందుకునే క్యాచర్ని.

ఆ చివరి ఆట మా ఊళ్లోనే. తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఎనిమిది అయ్యేసరికి మాది ఒక్క పరుగు, వాళ్లది సున్నా. పైగా లోవెల్ బంతిని కొట్టి వాళ్లలో ఒక్కడూ బేస్ చేరలేకపోయాడు, అంటే ఒక్క హిట్టూ లేదు. అలాంటి రోజున పిచ్చర్‌ని ఎవరూ పలకరించకూడదు. పలకరిస్తే దిష్టి తగిలి హిట్ పడుతుందని మా నమ్మకం. అందుకే వాడికి అంటురోగం ఉన్నట్టు అందరం బెంచీ ఆ చివరికి సర్దుకున్నాం.

ఏడో ఇన్నింగ్స్‌లో, గ్యాలరీ మూడో వరుసలో కూర్చున్న వాడి భార్య మావిస్‌కి పొద్దున్నుంచీ దాచుకున్న పురిటినొప్పులు ఎక్కువయ్యాయి. టికెట్లమ్మే ఆవిడ కారులో ఆసుపత్రికి తీసుకెళ్లింది. పోయినసారి కడుపు నిలవనప్పుడు లోవెల్ జట్టు బస్సులో ఎక్కడో ఉన్నాడు. ఈసారి పక్కనే ఉంటానని ఆమెకి మాటిచ్చాడు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. అయినా కబురు మేం కూర్చున్న బెంచీ చివరికొచ్చి ఆగిపోయింది.

ఒక్క హిట్టూ ఇవ్వకుండా ఇంకో ముగ్గుర్ని ఔట్ చేస్తే చరిత్రలో నిలిచిపోతాడు, బిడ్డ పావుగంట ఆగలేదా అన్నాడు మా మేనేజర్ టాగర్ట్. నాకు ఒళ్లు మండింది. ఆయనకి ఐదుగురు పిల్లలు, ఒక్కరు పుట్టినప్పుడూ ఊళ్లో లేడు. నిజం చెప్పొద్దూ, ఆ మూడు ఔట్లూ నాకూ కావాలి. కానీ లోవెల్ మూడో వరుసలో ఖాళీ కుర్చీ వంకే చూస్తున్నాడు. వెళ్లి వాడి పక్కన కూర్చున్నాను.

"ఒరేయ్, మావిస్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లార్రా."

"ఎప్పుడు?"

"ఏడో ఇన్నింగ్స్‌లో."

"ఇంతసేపూ నోళ్లు కుట్టేసుకున్నార్రా అందరూ?" అంటూ గ్లవ్ నా ఒళ్లో పడేసి, మేకుల బూట్లతోనే పరుగెత్తాడు.

వాడి బదులొచ్చినవాడు మొదటి బంతికే హిట్ ఇచ్చాడు. టాగర్ట్ నన్ను నమిలి మింగేలా చూశాడు. ఆ తర్వాత ముగ్గురూ ఔటయ్యారు, ఇరవై ఏళ్ల తర్వాత కప్పు మాదైంది.

కప్పుని జట్టువాళ్లకొదిలేసి, మట్టి బట్టలతోనే ఆసుపత్రికి బయల్దేరాను. ఆ హిట్ సంగతి, గెలుపు సంగతి ఎలా చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకున్నాను. లోవెల్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. వాడి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"టైముకి అందుకున్నానురా. అది పుట్టేదాకా మావిస్ నా చెయ్యి వదల్లేదు," అని లోపలికి తీసుకెళ్లి కూతుర్ని నా చేతుల్లో పెట్టాడు.

ఎవరు గెలిచారని వాడు అడగలేదు. చెప్పాలని నాకూ గుర్తు రాలేదు.