గోదాములో చెంచాల చప్పుడు

ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషికి రోగులతో ఏం పని అని మెకానిక్కుకు కూడా మొదట్లో అనుమానమే. వరదలూ తుఫానులూ వచ్చినప్పుడు సాయానికి వెళ్ళేవాళ్ళకు పన్నెండు రోజుల ఆరోగ్య శిక్షణ ఇస్తున్నారు, టీకా మందులను చల్లగా ఉంచే పెట్టెలు చూసుకోవడానికి ఒకడు కావాలన్నారు గనక వచ్చాడు. తీరా వచ్చాక, మూతబడిన బడిలో అందరితోపాటు అతన్నీ బెంచీ మీద కూర్చోబెట్టి, విరేచనాల దగ్గర్నుంచి మరుగుదొడ్డి గుంత లోతు దాకా అన్నీ నేర్చుకోమన్నారు.

నేర్పేది రిటైరైన నర్సు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. ఆవిడ చేతిసంచిలో ఎప్పుడూ ఒక స్టీలు చెంచా ఉండేది. దాంతో వెనకాల అందరూ చెంచా మేడం అనేవారు. ఆ మాట ఆవిడ చెవిన పడనే పడింది.

"సర్వీసంతా ఏ ఆఫీసరుకీ చెంచా కాలేదు. ఇప్పుడు మీవల్ల ఆ ముచ్చటా తీరింది" అంది నవ్వకుండా.

రెండో రోజు ఆవిడ వాళ్ళను జతలుగా కూర్చోబెట్టి, ఒకరికొకరు నిమిషానికో చెంచా చొప్పున గంటసేపు నీళ్ళు తాగించుకోమంది. మెకానిక్కుకు ఒక లారీ డ్రైవరు జత పడ్డాడు. పావుగంటకే ఇతని చెయ్యి పీకింది, అతనికి కునుకు పట్టింది. సాయంత్రం ఫోనులో ఆ సంగతి చెబితే భార్య ఊరుకుంటుందా? పదకొండేళ్ళ కాపురంలో తనకు గ్లాసుడు మంచినీళ్ళు అందించిన పాపాన పోలేదు గానీ, ముక్కూ మొహం తెలియని డ్రైవరుకు చెంచాతో పడుతున్నాడా అని దెప్పింది.

ఎనిమిదో రోజు ఎగువన కరకట్ట తెగింది. ఇళ్ళు మునిగినవాళ్ళంతా ఊరి చివరి ఖాళీ గోదాముకు చేరారు. మూడో నాటికి అక్కడ విరేచనాలు అంటుకున్నాయి. శిక్షణ ఎక్కడిదక్కడ ఆపి, మేడం అందరినీ వెంటబెట్టుకుని వెళ్ళింది.

మెకానిక్కు లోపల కాలు పెట్టాడు. సిమెంటు నేల మీద నలభై చాపలు. బ్లీచింగు వాసన. సెలైన్ సీసాలు పట్టుమని పాతిక లేవు. స్పృహ లేనివాళ్ళకు అవి, మింగగలిగినవాళ్ళకు ఓఆర్‌ఎస్ నీళ్ళు అని మేడం తేల్చేసింది.

అతనికి ఒక హమాలీని అప్పగించింది. ఒకప్పుడు తలుపంత మనిషై ఉంటాడు. ఇప్పుడు కళ్ళు గుంటల్లోకి పోయాయి, నాలుక పిడచకట్టింది. మేడం అతని పొట్ట మీద చర్మం పట్టి వదిలితే, మడత మడతలాగే నిలిచి మెల్లగా దిగింది. తలాపున అతని భార్య కూర్చుని ఉంది.

"ఒక్క సూదిమందు ఇప్పించు తమ్ముడూ. ఈ నీళ్ళకే మనిషి లేస్తాడా?" అంది.

లేస్తాడని మెకానిక్కుకూ నమ్మకం లేదు. చెంచా మొదలుపెట్టాడు. పదో చెంచాకు హమాలీ తాగిందంతా కక్కేశాడు. ఆమె మొహం తిప్పుకుంది. ఇతను లేచి మేడం దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ వేరొకరి చేతికి సూది ఎక్కిస్తూ తల ఎత్తకుండానే చెప్పింది.

"పది నిమిషాలాగి మళ్ళీ ఇవ్వు, ఇంకా నిదానంగా. నమ్మకం లేకపోయినా పర్వాలేదు నాయనా. చెయ్యి ఆపకు."

చెయ్యి ఆపలేదు. హమాలీ మళ్ళీ కక్కాడు, ఇతను మళ్ళీ ఆగి ఇచ్చాడు. గంటకు నీళ్ళు కడుపులో నిలవడం మొదలైంది. చెంచా పోయి గుక్కలయ్యాయి, గుక్కలు గ్లాసులయ్యాయి. మూడో లీటరు సగమయ్యేసరికి హమాలీ తనే చెయ్యి చాచి గ్లాసు అందుకున్నాడు. మెకానిక్కు అతని పొట్ట మీద చర్మం పట్టి వదిలాడు. వదలగానే నున్నగా సర్దుకుంది. నమ్మలేక మళ్ళీ పట్టి చూశాడు. ఆరిపోయిన హమాలీ కళ్ళలో తడి మెరుస్తోంది.

"ఒంటికి పోవాలి, ఎటెళ్ళాలి?" అన్నాడు హమాలీ, సిగ్గుపడుతూ.

నిన్నటినుంచి ఒక్క చుక్క పొయ్యని మనిషి ఆ మాట అనేసరికి అతని భార్య ఏడుస్తూనే నవ్వింది. మెకానిక్కు పదిహేనేళ్ళ పనిలో మొండికేసిన యంత్రాలను ఎన్నో నడిపించాడు. కానీ ఉప్పూ తీపీ కలిసిన నీళ్ళతో, తన ఈ మోటు చేత్తో, పోతున్న ప్రాణం తిరిగొస్తుందని ఎవరైనా చెబితే కొట్టిపారేసి ఉండేవాడు.

అప్పుడు తలెత్తి చూశాడు. చాప చాపకూ ఒకరు వంగి కూర్చున్నారు. తల్లికి కూతురు, అన్నకు తమ్ముడు, ఎవరూ లేని ముసలాయనకు లారీ డ్రైవరు. గోదాము నిండా చెంచాలు గ్లాసులకు తగిలే సన్నటి చప్పుడు. గుడిలో నిలబడినట్టు కాసేపు కదలలేకపోయాడు. తర్వాత హమాలీ భార్యకు గ్లాసు అప్పగించి పక్క చాప దగ్గరికి వెళ్ళాడు.

మరీ ఆలస్యంగా తెచ్చిన ఇద్దరు దక్కలేదు. మిగిలినవాళ్ళంతా దక్కారు.

వారం తిరిగేసరికి గోదాము ముందు బియ్యం లారీ ఆగింది. మెకానిక్కు టీకా పెట్టె మోసుకొస్తూ మధ్యలో నిలబడిపోయాడు. ఎదురుగా, వీపు మీద నిండు బస్తాతో, హమాలీ లారీకి ఆనించిన చెక్క మీదుగా దిగుతున్నాడు. మెడ నరాలు తేలి, ఒళ్ళంతా చెమట కారుతోంది. అంత చెమట ఆ ఒంట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో మెకానిక్కుకు తెలుసు, అయినా నోరు తెరుచుకునే చూస్తున్నాడు.

హమాలీ అతన్ని గుర్తుపట్టలేదు.

"కాస్త పక్కకి జరుగు తమ్ముడూ, బరువుంది" అన్నాడు.